గుండ్లకొట్టాలు పెద్దదైన వైనం

కుప్పం దాటి కర్ణాటక వైపు పోయే దోవలో గుండ్లకొట్టాలని ఓ పల్లె ఉంది. ఇరవై రెండు ఇళ్లు, ఒక టీ అంగడి, అంతే. ఆ పొద్దున సర్వేయరు కిషోర్ అక్కడ టీ తాగుతున్నాడు. తాగి లేచాడంటే గంగులయ్య చేనుకూ ఈశ్వరమ్మ చేనుకూ నడుమ కొలత పెడతాడు. రెండు సాళ్ల శెనక్కాయ నేల ఎవరిదో ఇవాళ తేలిపోవాలి. గంగులయ్యకు లోపల దడగానే ఉంది. కొలతకు ముందే తమ వంశం గొప్ప సర్వేయరు చెవిన వేస్తే మంచిదనుకుని మొదలుపెట్టాడు. ఎదురు బెంచీ మీద ఈశ్వరమ్మ చేతులు కట్టుకుని వింటోంది.

“సార్, ఈ ఊరు మా తాత సేసిన ఊరు. అప్పట్లో ఈడ మూడే కొట్టాలు, కాళ్లు సాపుకునేకి సోటు ల్యా. మా తాత సూసినాడు, పొలిమేర రాయిని గడ్డపారతో లేపి బారెడు అవతల నాటినాడు. ఇంకో ఇంటికి జాగా వచ్చేసింది!”

“ఒక్కడేనా?” అన్నాడు టీ కాసే నాగరాజు.

“ఒంటి సేత్తో! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? రుచి మరిగినాడప్పా. రాయి భుజానేసుకోని నడిస్తే, అడుగు పడిన కాడికల్లా మన ఊరే. అట్ల పోతా పోతా కన్నడపోళ్ల రాగిచేను దాటేసినాడు. పొద్దున కన్నడంలో అరిసిన ఆవు సాయంత్రానికి తెలుగులో అరిసింది!”

“అది నువ్వు ఇన్యావా?” అడిగాడు నాగరాజు.

“మా అవ్వ ఇనింది! ఇంకా ఇను. అరవపోళ్ల గుట్ట అడ్డమొచ్చింది. ‘జరుగు’ అన్నాడు మా తాత. జరిగింది సార్! దాని యెనకాలే పారతాండే వంక గూడా వచ్చేసింది. ఇంకొంచేపు నడిసుంటే బెంగుళూరు మన మండలంలోనే ఉండేది. ఆకలేసి సంగటికి యెనక్కొచ్చినాడు గానీ!”

సర్వేయరు నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టాడు. ఆ నవ్వు చూడగానే గంగులయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇక నేల తనదేననుకున్నాడు, నోటికి ఊపొచ్చింది.

“తాతతో పోలేదు సార్, ఆ సెయ్యి మా వంశంలోనే ఉండాది. మా నాయనా అంతే, నేనూ అంతే. రాయి ఎంత లోతున ఉన్నా ఒక్క పోటుకు లేపి, యాడ కావాలంటే ఆడ...”

ఈశ్వరమ్మ లేచి నిలబడింది. “సార్, ఇది రాసుకోండి. పదేండ్లుగా నేను మొత్తుకుంటాండేది ఇదే.”

గంగులయ్య ముఖం పాలిపోయింది. “అయ్యో, అయ్యన్నీ ఉత్త కోతలు సార్!”

“అన్నీ కోతలేలే అన్నా, ఆఖరుదొక్కటే నిజం” అంటూ ఆమె చేను వైపు నడిచింది. సర్వేయరు టేపు తీసుకుని ఆమె వెంట పోయాడు.