తేనెటీగ గొంతు

కాలం చేసిన మామగారి పాత కంప్యూటర్‌ను పిల్లల చదువుకి సిద్ధం చేద్దామని కోడలు పొద్దుటి నుంచీ దాని ముందే కూర్చుంది. పక్కన అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఇదొక్కటే జలగలా పట్టుకుంది, అత్తయ్యా. ప్రోగ్రామ్ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం జాబితాని వదలట్లేదు."

"ఏమిటది?"

"తెర మీది అక్షరాలు చదివి వినిపించేది. మామయ్యగారికి చూపు పోయాక పెట్టించారుగా."

"పోనీ, ఉండనిద్దూ."

"ఉత్త పేరుంటే ఏం లాభం? మళ్ళీ ఎక్కించి, పద్ధతిగా తీసేస్తే పోతుందట. ఇదిగో, ఎక్కింది."

స్పీకర్లోంచి, సీసాలో పడ్డ తేనెటీగలా ఒక గొంతు జుయ్యిమని మోగి ఆగింది.

"అయ్యో, పాడైనట్టుంది!"

"పాడవలేదు. ఆయన పెట్టుకున్న వేగమే అది. నెమ్మదిగా చదివితే నిద్రొస్తోందని విసుక్కునేవారు."

"ఈ రొదలో మాటలున్నాయా! ఇది ఆయనకి అర్థమయ్యేదా?"

"అర్థమవడమేమిటి, కథలు చదివించుకుని పడీ పడీ నవ్వేవారు."

తీసెయ్యడానికి కోడలికి మనసొప్పలేదు. అయినా మొదలుపెట్టిన పని కదా అని, తీసేసే చోట నొక్కింది. గొంతు మళ్ళీ జుయ్యిమంది.

"నిజంగానే తీసెయ్యాలా అని అడుగుతోంది," అంది అత్తగారు, కాయల మీంచి తలెత్తకుండా.

కోడలు తెర వంక చూసింది. పొల్లు పోకుండా అదే ప్రశ్న. చెయ్యి మౌస్ మీంచి దానంతటదే లేచిపోయింది.

"అత్తయ్యా! మీకెలా తెలిసింది?"

"ఆయన నవ్వినప్పుడల్లా ఎందుకో తెలియక ఉడుక్కునేదాన్ని. పక్కనే కూర్చుని, వినీ వినీ పట్టేశాను."

"మామయ్యగారికి తెలుసా?"

"తెలీకేం? ఓ రోజు ఆయనకంటే ముందు నేనే నవ్వాను."