వేడెక్కితే నిలిచిపోయే బండి

బాగేపల్లిలో ఆదివారం పొద్దున. ఇంటి ముందర నేత్ర తన పాత కారు బానెట్ ఎత్తి, ఇంజన్‌ను ఉన్నచోటనే నడిపిస్తూ చాలాసేపటి నుంచి ఎదురుచూస్తోంది. పక్కన భర్త ధనుంజయ.

“ఇంకా ఎంతసేపు? నడుస్తానే ఉండాది గదా, గడియారం మాదిరి!”

“వేడెక్కనీండి.”

“మునికృష్ణప్ప చూసి బండికేం రోగం లేదనె. మెకానిక్కు కన్నా నీకే ఎక్కువ తెలుసునా, నేత్రా?”

“ఆయన కాడికి పోయేసరికి చల్లారిపోయింటాది. చల్లారితే బాగా నడుస్తాది. అదే దీని రోగం.”

“రోగం బండికి లే. ఆ పొద్దు చింతామణిలో బ్యాంకు తలుపులు ఎప్పుడేసిరి, నువ్వు ఇల్లు ఎప్పుడు చేరితివి? నడమన యాడుంటివి? ఎవురితో ఉంటివి?”

“మురుగమల్ల క్రాస్ కాడ బండి నిలిచిపాయె. నూరుసార్లు చెప్పినా.”

“ఫోన్ చేసేదానికేమొచ్చె?”

“ఆడ టవర్ లే. అదీ చెప్పినా.”

“మధ్యాన్నం మీ నాయన వస్తాండాడు. ఆయన ముందరే తాళాలిచ్చేయాల. బ్యాంకు పనీ వద్దు, బండీ వద్దు.”

“ఆయన వచ్చే లోపల ఇది నిలిచిపోవాల. మీ కండ్ల ముందర.”

“ఒరే ధనుంజయా, పొగంతా ఇంట్లోకొస్తాండాది! ఆపండ్రా దాన్ని!”

“నీ కోడలికి చెప్పుకోమ్మా!”

“కొంచెం తాళు అత్తా… అదిగో! వినండి. దగ్గుతాండాది.”

“నువ్వే ఏమన్నా పీకి…”

“నా చేతులు రెండూ ఈడుండాయి, చూడండి. ఆగిపాయె! చూస్తిరా? పోండి, తాళం మీరే తిప్పండి.”

“తిప్పితి గదా.”

“ఇంగోసారి తిప్పండి.”

“గిర్రుమంటాండాది గానీ పట్టుకోలే.”

“ఇంజన్ తిరుగుతాండాదని చెప్పే సెన్సార్ ఇదే. వేడెక్కితే దీనికి నోరు పడిపోతాది. ఇది చెప్పకపోతే ఇంజన్ నిలిచిపోతాది. కొత్తది బెంగళూరులో జేసీ రోడ్డు స్పేర్ పార్టుల అంగళ్లన్నీ తిరిగి తెస్తి. ఆ స్పానర్ ఇట్లియ్యండి.”

“చెయ్యి కాలుతాది. చల్లారనీ.”

“కాలనీ. అబద్ధాలకోరు అని నాయన చేత కూడా అనిపించుకొనేదాని కన్నా మేలు.”

“అన్నీ నీకే తెలుసు! బల్బు పోయినా నువ్వే, టైరు పోయినా నువ్వే. నన్ను ఒగ మాట అడిగినావా, ఎప్పుడన్నా?”

“పాతది ఊడొచ్చె, పట్టుకోండి. ఇప్పుడేం చెప్తారు నాయనకు?”

“ఏం చెప్పేది? నిలిచింటే నిలిచిందనుకో. అయితే మాత్రం? కొంగు నెత్తిన కప్పుకొని, ఖాళీ నీళ్ల బాటిల్ ఊపుకొంటా, నడిరోడ్డులో తిక్కదాని మాదిరి నిల్చుకొంటే చూసేవాళ్లేమనుకొంటారు?”

“ఏ బాటిల్?”

“నువ్వే చెప్తివి గదా.”

“బాటిల్ సంగతి నేనెవురికీ చెప్పలే.”

“చెప్పింటావులే. బిగించు, బిగించు, మీ నాయనొచ్చే టైమాయె.”

“ఆ పొద్దు పరగోడులో చేను కాడ ఉంటినంటిరే.”

“ఉంటి. పొద్దున.”

“సాయంత్రం?”

“చింతామణికి వస్తి. మీ బ్యాంకు ఎదురుగా నిల్చుకొంటి, ఎవురితో బయటికొస్తావో చూద్దామని. తప్పా? మొగుణ్ని!”

“నేనెవురితో వస్తి?”

“ఒగతివే వస్తివి.”

“అయినా అడిగితిరి, ఎవురితో ఉంటివని. అత్త ముందర.”

“బోల్టు బిగించు నువ్వు!”

“ఇంటికెట్ల వస్తిరి?”

“నువ్వు కారులో పోతివి. నాకు బస్సే గదా గతి.”

“నేను నిల్చుకోనుంటే ఒగ బస్సు వచ్చె. చెయ్యెత్తితి. మెల్లగాయె, మళ్లీ పోయె. ఇన్ని దినాలూ ఆ డ్రైవర్‌ను తిట్టుకొంటా ఉండాను.”

“వాని తప్పేం లే. నిలుపుదామా అని కండక్టర్ అడిగె.”

“ఎవుర్ని?”

“ముందర సీట్లో ఉన్నోళ్లను.”

“పోనీమనింది… నువ్వా?”