ఆల్‌రౌండర్ గారి పదకొండు గొంతులు

టీవీ స్టూడియో క్యాంటీన్లో ఆల్‌రౌండర్ గారు టీ గ్లాసు పట్టుకున్నారంటే, అది చల్లారేదాకా ఎవరూ లేవడానికి లేదు. నాటకం, మిమిక్రీ, ఇంద్రజాలం, డాన్సు, సీరియళ్లు, క్విజ్ ప్రోగ్రాములు, ఆయన చెయ్యి పెట్టని చోటు లేదు. అందుకే ఆ పేరు. ఆ ఉదయం ఎదురుగా మేకప్ ఆయన, బట్టలావిడ, లైట్ల బాబాయి కూర్చున్నారు. పక్కన మేనకోడలు. పదకొండింటికి ఆ పిల్ల మొదటిసారి లైవ్ ప్రోగ్రాం నడపాలి. మాట మర్చిపోతానేమోనన్న భయంతో పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు. జ్వరమని చెప్పి ఇంటికెళ్లిపోవాలని మనసులో తీర్మానించేసుకుంది, ఆ ముక్క ఫ్లోర్ మేనేజర్ చెవిన వేయడమే మిగిలింది.

"నీ వయసులో నేనేం చేశానో తెలుసా అమ్మాయ్?" అని మొదలుపెట్టారాయన. "ఒక మధ్యాహ్నం ఆట. హీరో వేషం వాడికి విరేచనాలు. నాది నౌకరు వేషం, రెండే రెండు మాటలు. సరే, హీరో వేషం కూడా నాకే కట్టారు. నేనే పిలుస్తా, నేనే 'చిత్తం దొరా' అంటా. అక్కడిదాకా ఏముందిలే, ఎవడైనా చేస్తాడు. సరిగ్గా నేను స్టేజీ మధ్యకొచ్చేసరికి కరెంటు పోయింది. తలుపులన్నీ మూసేసిన హాలు, కన్ను పొడుచుకున్నా కానరాదు. మిగతా నటులంతా లోపలికి పరుగో పరుగు. నేను కదిలానా? ఆ చీకట్లో ఒక్కణ్ణే, పదకొండు గొంతులతో, నాటకం మొత్తం లాగించేశాను."

"పదకొండే?" బట్టలావిడ పెదాల మధ్య పిన్నీసు కాస్తా జారి టీలో పడింది.

"గుర్రం గొంతు లెక్కలో వేయలేదమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన సీను. నాలుకతోనే కురిపించాను. ముందు వరసలో వాళ్లు గొడుగులు విప్పారు. మర్నాడు ఊళ్లో సగం మందికి జలుబు, డాక్టరు నన్ను వెతుక్కుంటూ వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఇక యుద్ధంలో రెండు సైన్యాలూ నేనే. ఆట చూస్తున్న ఇన్‌స్పెక్టరు బయటికి పరిగెత్తి, బలగాలు చాలవు, ఇంకా పంపండని ఫోన్ చేశాడు."

"మరి హీరోయిన్ గొంతు?" అన్నాడు మేకప్ ఆయన.

"అది అడక్కు. మూడో వరసలో ఒక పెద్దమనిషి ఆ గొంతు మీద మనసు పడ్డాడు. వాళ్లమ్మ సంబంధం మాట్లాడదామని మా ఇంటికొచ్చింది. తలుపు తీసింది మా ఆవిడ. ఆ గొడవ వదిలేయ్. అలా నా పేరు టీవీ వాళ్ల చెవిన పడింది. ఒకరోజు వార్తలు చదివే ఆయనకు గొంతు పోయింది. నేను బల్ల కింద కూర్చుని చదివాను, పైన ఆయన పెదాలు ఆడించాడు. అదే టైములో పక్క ఫ్లోరులో డాన్సు పోటీకి జడ్జిని, ఆ పక్క ఫ్లోరులో సీరియల్లో చచ్చిపోతున్నాను."

"ఒకే టైములో ఎలా మావయ్యా?"

"మధ్యలో తలుపులున్నాయిగా. చావడం మాత్రం తీరిగ్గా చచ్చాను. ఊపిరి బిగబట్టి మూడు ఎపిసోడ్లు కదల్లేదు. కెమెరామన్ హడలిపోయి డాక్టర్ని తెచ్చాడు, ఆయన నాడి చూసి కాగితం రాసిచ్చేశాడు. ఆ కాగితం పట్టుకుని ఇన్సూరెన్సు ఆయన ఇంటికొస్తే, 'కూర్చోండి, స్నానం చేస్తున్నారు' అంది మా ఆవిడ."

ఎన్నిసార్లు విన్న కథే అయినా మేకప్ ఆయనా, బట్టలావిడా పడీ పడీ నవ్వారు. మేనకోడలు మాత్రం నవ్వలేదు. ఇంత మనిషికి మేనకోడలై ఉండి నా బతుకిలా ఏడ్చిందేమిటా అని గుండె ఇంకా జారిపోయింది.

"మావయ్యా, ఆ చీకట్లో మీకు మాట తట్టకపోయి ఉంటే?"

"నాకా? మాటలే నా ముందు క్యూ కట్టేవి తల్లీ."

"తట్టలేదు కదండీ," అన్నాడు లైట్ల బాబాయి.

ముప్పై ఏళ్లుగా ఈ కథ వింటూ ఒక్కనాడూ నోరు మెదపని మనిషి. ఆ పిల్ల ముఖం చూసి ఇక ఉండబట్టలేకపోయాడు. "ఆ ఆటకి లైట్లు నావే. మీరు మధ్యకొచ్చి 'అమ్మా' అన్నారు. మళ్లీ 'అమ్మా' అన్నారు. తెర వెనక నుంచి మాట అందిస్తూనే ఉన్నారు, మీకు వినబడలేదు. మూడోసారి 'అమ్మా' అనేసరికి మీ మోకాళ్లు వణకడం నాకు పైనుంచి కనిపించింది. జనం చూడకముందే ఫ్యూజు పీకేశాను."

"కరెంటు పోలేదా?" ఆల్‌రౌండర్ గారి గొంతు పీలగా వచ్చింది.

"పోలేదండి. కాస్త ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. మీరు గొంతులు అందుకున్నారు. పదకొండు కాదు, నాలుగు. ఆ నాలుగూ మాత్రం అద్భుతం. ఫ్యూజు పీకినందుకు ఆ హాలు వాళ్లు నన్ను పనిలోంచి తీసేశారు."

ఆల్‌రౌండర్ గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు చెప్పేదే బాగుండేదండి."

ఇంతలో ఫ్లోర్ మేనేజర్ తలుపు దగ్గరికొచ్చి అమ్మాయిని పిలిచాడు. ఆమె లేవలేదు. "బాబాయ్, ఇవాళ నేను ఆగిపోతే?"

"ఇది లైవ్ తల్లీ. ఇక్కడ పీకడానికి ఏమీ లేదు."

ఆమె మావయ్య వైపు చూసింది. ఈ మనిషి కూడా వణికాడన్న మాట ఆమెకు ఇంకా నమ్మశక్యంగా లేదు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"మూడుసార్లంటాడేమిటి వీడు? ముప్పైసార్లన్నాను 'అమ్మా' అని. మా అమ్మ పక్క ఊళ్లోంచి పలికింది. నా అంత గొప్పగా మాట మర్చిపోయినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నువ్వు నన్నేం మించుతావు గానీ, వెళ్లిరా."