ఓనరు కుర్చీలో ఫిట్టరు

ఏం క్లాసన్నావురా? వయసుమళ్ళినవాళ్ళకి ఉద్యోగ శిక్షణా? యాభై నిండలేదు, అప్పుడే ఎప్పుడు మళ్ళిందిరా నీ వయసు? ఉచితమేనా? ఊఁ. మాకూ ఉచితమేనన్నారు, పైగా టీ, బన్నూ. నేను పనిచేసే దారం మిల్లు మూతపడ్డప్పటి సంగతిలే, నువ్వప్పటికి నిక్కర్లేసుకుని తిరుగుతున్నావు. "ఊరికే నేర్పుతున్నారంటే ఏదో ఉంది, ఎక్కడా వేలిముద్ర వెయ్యకు" అని మీ పెదనాన్న గుమ్మందాకా వచ్చి మరీ చెప్పారు. మొదటిరోజంతా చేతులు సంచి కింద పెట్టుకునే కూర్చున్నాను. టైర్ల షాపు మీద గది అది. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. మాకు పాఠాలు చెప్పడానికొచ్చిన మేడమ్ మా పెద్దదాని ఈడుది. "ఆంటీ, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడండి" అనేది. ఇన్నేళ్ళూ తిరుగుతున్న దారం కండెల్నే చూశానమ్మా, కళ్ళెవరు చూశారు అన్నాను. నవ్వితే నవ్విందిలే, కానీ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో?

అదిగో, ఆ ఫిట్టరు గురించి చెప్పాలి నీకు. మా మిల్లులోనే మెషిన్లు బాగుచేసేవాడు. నిండుగా మీసం, బొంగురు గొంతు, ఒక్కమాట అడిగితే అరమాట చెప్పే రకం. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఏమడుగుతారో, మనమేం చెప్పాలో ఉత్తుత్తిగా ఆడించేది మేడమ్. ఓనరులా కూర్చోడానికి ఈయన్నే ఎంచుకుంది. బల్లకి అటు చేతుల కుర్చీ, అందులో ఫిట్టరు. ఇటు మడత కుర్చీ, అందులో మనం. నా వంతు వచ్చింది. "ఇంతకుముందు ఎక్కడ చేశారు?" అన్నాడు. ఏమయ్యా, నీకు తెలీదా, నా వెనకేగా నువ్వూ మిల్లు గేటు దాటావు అన్నాను. "ఓనరుకి తెలీదమ్మా, చెప్పండి" అన్నాడు, మొహంలో నవ్వన్నది లేకుండా. ఎందుకు మానేశారు, మీకన్నా చిన్నవాడు తప్పు చూపిస్తే ఒప్పుకుంటారా, గంటలకొద్దీ నిలబడగలరా... ఇవే ప్రశ్నలు అందరికీ. చివర్న గొంతు సవరించుకుని, "వెళ్ళి రండి, కబురు చేస్తాం". ఒళ్ళు మండిపోయేది. రోజూ అంతే. మాలో ఒక్కరినీ తీసుకున్న పాపాన పోలేదు.

మాకు అనుమానం రాదూ మరి? ఆయన ఒక్కరోజు కూడా మావైపు కుర్చీలో కూర్చోలేదు. టీ దగ్గర మేడమ్‌తో గుసగుసలొకటి. మిల్లులో తూకాలు వేసేచోట పనిచేసిన లావుపాటావిడ ఉండేదిలే, ఆవిడైతే "ఈయన ఓనర్ల మనిషే వదినా, మనలో ఎవరు ఎదురుమాట్లాడతారో చూసి చెప్పడానికి పెట్టారు" అని తేల్చేసింది. నేను కాదన్లేదు. కానీ ఫిట్టరింట్లో చూస్తే భార్య రాత్రీపగలూ బట్టలు కుట్టి నెట్టుకొస్తోంది. వాళ్ళ మనిషైతే ఆ ఖర్మెందుకు? అదీ అర్థంకాదు.

ఇంతలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఓనరు వస్తున్నాడు, నిజం ఓనరు, నచ్చినవాళ్ళని అక్కడికక్కడే తీసుకుంటాడు అని చెప్పింది మేడమ్. ఆ పొద్దున్న అందరం ఉతికిన బట్టల్లో గోడవార బెంచీ మీద వరసగా కూర్చున్నాం. ఫిట్టరు అలవాటుగా తన కుర్చీలో. మేడమేమో ఓనరు కారు వస్తుందని కింద రోడ్డు మీద నిలబడింది. ఆ ఓనరేమో వెలిసిన చొక్కాతో స్కూటరు మీద వచ్చి, వెనక మెట్లెక్కి మా పక్కనే చతికిలబడ్డాడు. పక్క బ్యాచి మనిషనుకున్నాం. ఫిట్టరు కళ్ళద్దాల మీంచి చూసి, "మీరు రండి" అన్నాడు. ఆయన లేచి వెళ్ళి మడత కుర్చీలో కూర్చున్నాడురా. అక్కడి పద్ధతే అంత అనుకున్నాడో ఏమో.

"ఇంతకుముందు ఎక్కడ చేశారు?" "డబ్బాల కంపెనీ ఉండేదండీ." "ఎందుకు మానేశారు?" "నడవలేదు, మూసేశాను." మూసేశాను అన్నాడంటే ఈయనే ఓనరని నాకప్పుడు వెలిగింది. లావుపాటావిడ నా తొడ మీద గిల్లింది. ఫిట్టరు మాత్రం అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అక్కడ పనిచేసినవాళ్ళంతా ఏమయ్యారు?" అన్నాడు. ఓనరు "తెలీదండీ" అన్నాడు. "వెళ్ళి రండి, కబురు చేస్తాం" అన్నాడు ఫిట్టరు. నిజంగానే లేచాడురా ఆ ఓనరు, వెళ్ళిపోవడానికి. ఎదురుగా రొప్పుకుంటూ మేడమ్.

మమ్మల్నందర్నీ తీసుకున్నాడు. ఫిట్టర్ని తప్ప. "పొరపాటు పడ్డాడండీ, పాపం" అని మేడమ్ ఎంత బతిమాలినా ఆయన ఆ కుర్చీ వంక చూడనైనా చూడలేదు. పొరపాటేనని మేమూ అనుకున్నాం. తర్వాత పెట్టెలు మడుస్తూ ఆలోచిస్తే, ఆ చివరి ప్రశ్న మాకెవ్వరికీ ఎప్పుడూ వెయ్యలేదే అనిపించింది. పనివాణ్ణి అడిగే ప్రశ్న కాదది. అంటే తెలిసే అడిగాడా? ఇంట్లో అంత ఇబ్బంది పెట్టుకుని తెలిసి ఎవడైనా అడుగుతాడా? తరవాతెప్పుడో కొత్త మెషినొచ్చి కొంతమందిని తీసేసినప్పుడు మాత్రం మా ఓనరు ఒక్కొక్కర్నీ పిలిచి, మీరెక్కడికెళ్తారు అని అడిగాడు. అడిగాడంతే, ఎక్కడా పని చూపించలేదులే.

నేను పని మానేశాక ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు, మీసం తెల్లబడిపోయింది. నిజం చెప్పు, ఆయనెవరో తెలిసే అడిగావా అన్నాను. పక్కన భార్య గుండీలు కుడుతోంది, చెయ్యాపి ఆయన వంకే చూసింది. ఈయన గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళి రండి, కబురు చేస్తాం" అన్నాడు.

ఆ వారమే పోయాడు.

...క్లాసు ఎన్నింటికన్నావు? ఆ చొక్కా తీసెయ్యి, కాలరు నలిగింది.