సరోజనమ్మ నడిపించిన పాఠం

సభాధ్యక్షులు నిరంజన్ గారికి, వేదిక మీది పెద్దలకు, మానుకోట తాలూకా నలుమూలల నుంచి వచ్చిన వయోజన విద్యా కేంద్రాల టీచర్లకు, ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న సరోజనమ్మ గారి భర్త దత్తాత్రేయ గారికి నమస్కారాలు. దత్తాత్రేయ గారు చాలా సంతోషంగా కనిపిస్తున్నారు. రేపటి నుంచి భార్య ఇంటిపట్టున ఉంటుందనుకుంటున్నారు కాబోలు. అయ్యా, ఒక జత గట్టి చెప్పులు కొనిపెట్టుకోండి. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న సరోజనమ్మ గారి వెనుక ఏడేళ్లు నడిచిన చంద్రమౌళిని నేను. పక్కన నడిచానని చెప్పుకోను, ఎందుకంటే నా ఈ భారీ శరీరంతో ఆమె పక్కకు చేరుకోవడం ఏనాడూ సాధ్యపడలేదు.

డెబ్బై ఎనిమిదిలో, పెద్దవాళ్లకు చదువు నేర్పడానికి మన తాలూకాకు తగిన వాచకం తయారు చేయమని ముగ్గురిని ఒక గదిలో కూర్చోబెట్టారు. సరోజనమ్మ గారు, నేను, బొమ్మలు వేయడానికి డ్రాయింగ్ మాస్టరు వెంకటనర్సయ్య గారు. మూడు రోజులు కూర్చున్నాం. మూడు రోజులకు మేము సాధించింది 'అల', 'వల' అనే రెండు మాటలు. రెండూ నావే. తాలూకా అంతా గాలించినా అల అనేది కనబడదని సరోజనమ్మ గారు, అక్షరం తేలిక కాబట్టి అదే ఉండాలని నేను. వెంకటనర్సయ్య గారు మాత్రం ఎవరి మాటకూ అడ్డు రాకుండా సముద్రం బొమ్మ వేస్తూ కూర్చున్నారు.

నాలుగో రోజు పొద్దున ఆమె గొడుగు తీసుకుని లేచారు. "లేవుండ్రి సారు, జర నడిసొద్దాం. ఈ గోడలను చూసుకుంట మనకేం తోస్తది?" అన్నారు. పదకొండు గంటలకు చాయ్ వస్తుందని గుర్తు చేశాను. "చాయ్ యాడికి పోతది, మనమే మళ్లొస్తం" అని బయలుదేరారు. నావి కొత్త చెప్పులు. ఆ సంగతి చెప్పినా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మిరప చేన్ల గట్ల మీద ఒకరి వెనుక ఒకరం నడిచాం. అప్పుడొక చిత్రం జరిగింది. గదిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఏ మాట అన్నా ఎదుటివాడి ముఖం చూసి అనాల్సి వచ్చేది, అతని కనుబొమ్మ లేస్తే మన మాట అక్కడే ఆగిపోయేది. గట్టు మీద అందరికీ ముందున్నవాళ్ల వీపే కనబడుతుంది. మూడు రోజులు నోరు తెరవని వెంకటనర్సయ్య గారు నా వెనుక నుంచి మెల్లగా, "మనమే మాటలు ఏరుడు ఎందుకు? సదువుకునేటోళ్లకు ఏం సదవాల్నని ఉన్నదో అడిగితె ఎట్లుంటది?" అన్నారు. ఆయన ముఖం నాకు కనబడి ఉంటే ఆ మాటను అక్కడే కొట్టిపారేసేవాణ్ణి. నన్ను నేను ఎరుగుదును.

సరోజనమ్మ గారు వెంటనే ఆగి, పక్క చేనులో మిరపకాయలు ఏరుతున్న గంగి అనే ఆమెను పిలిచారు. "సదువొస్తె మొదలు ఏం సదువుతవు గంగవ్వా?"

గంగి తల ఎత్తకుండానే చెప్పింది. "బస్సు మీది పేరు."

పోయిన ఏడు తొర్రూరులో కూతురికి నొప్పులని కబురొస్తే ఆమె బస్టాండుకు పరుగెత్తింది. "ఎవల్నో అడిగితె గదే అన్నడు, ఎక్కిన. ఊరు దాటినంక కండక్టరు వచ్చి ఇది నర్సంపేటది అని దారిల దించిండు. నడిసొచ్చేటాలకు తొర్రూరు ఆఖరు బస్సు పోయింది. నా బిడ్డ కానుపుల అవ్వా అవ్వా అని పిలిచిందట. నేను లేను." ఆ కూతురికే ఇప్పుడు మళ్లీ ఏడో నెల అని కూడా చెప్పింది.

అంతా విని నేనేమన్నానో తెలుసా? తొర్రూరులో ద్విత్వాక్షరం ఉంది, పద్ధతి ప్రకారం అది ఇరవయ్యో పాఠానికి గానీ రాదు అన్నాను.

గంగి అప్పుడు తల ఎత్తింది. "అందాక నా బిడ్డ ఆగుతదా సారు?"

ఆ ముఖం మాత్రం నాకు బాగా కనబడింది.

తిరుగుదారిలో ఎవరు ఏ వాక్యం అన్నారో ఈనాడు విడదీయలేను. 'ఈ బస్సు ఎటు పోతది?' అనే మొదటి వాక్యం మాత్రం సరోజనమ్మ గారిది. 'పోతుంది' అని దిద్దబోయాను. "మనూరి బస్సు 'పోతది' అంటెనే పోతది సారు" అన్నారు. ఆఫీసుకు చేరేసరికి చాయ్ చల్లారింది, పాఠం తయారైంది. వెంకటనర్సయ్య గారు సముద్రం చెరిపేసి బస్సు వేశారు.

గంగి పన్నెండు రోజుల్లో బస్సుల మీది బోర్డులు చదివింది. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి, "నేనే సూసుకోని ఎక్కిన. ఎవల్ని అడగలె. మనుమరాలు పుట్టింది" అని చెప్పి, నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఇక నేను చెప్పవలసిన మాట. ఆ పాఠానికి జిల్లాలో పేరొచ్చింది. చేతిరాత నాది కాబట్టి ప్రశంసాపత్రం నా పేరున వచ్చింది. ఆ పేరు దిద్దించి ఉండవచ్చు. దిద్దించలేదు. మా ఇంట్లో గోడకు తగిలించాను, చుట్టాలకు చూపించాను. సరోజనమ్మ గారు ఆనాడు అభినందనలు చెప్పి, మర్నాడు ఎప్పటిలాగే గొడుగుతో గుమ్మంలో నిలబడ్డారు.

నిన్న సాయంత్రం ఆఖరి నడకలో, ఆమె వీపు చూస్తూ, తప్పు చేశానమ్మా అన్నాను. ఆమె నడక ఆపలేదు.

"ఏడేండ్లు పట్టిందా సారు?" అన్నారు. నాలుగడుగులు వేసి, "బాధైంది. కాలేదంటె అబద్ధం. నాకు చెప్తె ఏమొస్తది, రేపు మీటింగుల చెప్పుండ్రి. నలుగురు ఇనాలె" అన్నారు.

నలుగురూ విన్నారు. ఆ మొదటి పాఠం సరోజనమ్మ గారిది, వెంకటనర్సయ్య గారిది, గంగిది. నాది చేతిరాత.

ఓపికగా విన్న మీ అందరికీ, నన్ను కుర్చీలోంచి లేపిన సరోజనమ్మ గారికి కృతజ్ఞతలు. ఇక సెలవు.