మేడ మీద దుమ్ము

అబ్బబ్బ, ఎంతసేపు చూస్తారు సారూ ఆ మీటరుకేసి? అదేమైనా సినిమానా? పొద్దుట్నుంచీ ఆ తీగ తీసి ఈ తీగకి తగిలించడం, ఈ తీగ తీసి ఆ తీగకి తగిలించడం! వరండా తుడుచుకోవాలి, కాస్త కాలు తీయండి.

ఏంటీ? సోలార్ ప్లేట్లు పాడయ్యాయా? విప్పి పట్టుకుపోతారా?

ఓహో. ఇంజనీరు చదువు చదివి తేల్చింది ఇదన్నమాట! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

మీకంటే ముందొచ్చిన మెకానిక్ నయం. బ్యాటరీలో నీళ్లు పోసి, నమస్కారం పెట్టి చక్కా పోయాడు. మా పెద్ద టీచరమ్మేమో మబ్బుల వల్లన్నారు. ఎండకి నా నడినెత్తి మాడిపోతుంటే మబ్బులట! ఇక మా వాచ్‌మన్ మహానుభావుడు, పిల్లలు మరీ ఎక్కువ చదివేస్తున్నారు, అందుకే కరెంటు అయిపోతోందన్నాడు.

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిచ్చెనెక్కి మేడ మీదకి తొంగిచూశారా? మీరు మాత్రం? బూట్లు మాసిపోతాయని కిందే నిలబడ్డారు.

బడి వెనకాల కంకర మిల్లు చప్పుడు వినబడటం లేదూ? రోజంతా రాతిపిండి ఎగరేస్తూనే ఉంటుంది. అదంతా ఎక్కడ పడుతుందనుకున్నారు, మీ ఆఫీసు బల్ల మీదా? ప్లేట్ల మీద వేలెడు మందాన పేరుకుపోయింది. ముసుగుతన్ని పడుకున్నవాణ్ణి పనిచెయ్యమంటే చేస్తాడా?

మరి రెండేళ్లు దీపాలు బాగానే వెలిగాయి కదా అంటారా? వెలిగాయి. ఎందుకు వెలిగాయో ఎవరైనా అడిగారా? రోజూ పొద్దున్నే, బడి తలుపులు తీయకముందే, బకెట్టూ గుడ్డా పట్టుకుని నిచ్చెనెక్కిందెవరు? నేనే. నన్నెవరూ చెయ్యమనలేదు. మిల్లులో కూలి చేసేవాళ్ల పిల్లలు, ఇళ్లల్లో దీపం లేదు, సాయంత్రంపూట ఇక్కడైనా నాలుగక్షరాలు నేర్చుకుంటారని ఎక్కాను.

ఎందుకు మానేశానా?

వదిలేయండి. మోకాళ్ల నొప్పులు.

ఆగండాగండి, ఏం రాస్తున్నారు? ‘పనికిరావు’ అనా? అలా రాస్తే నిజంగానే తీసుకుపోతారా? కొత్తవి రావడానికి నెలలు పడుతుందా? అయ్యో, నెల్లో పరీక్షలు! ఈ పిల్లలు చీకట్లో కూర్చుని ఏం చదువుతారు? ఆపండి ఆ పెన్ను!

సరే, వినండి. మోకాళ్లూ కాదు, మన్నూ కాదు. నాక్కూడా చదువుకోవాలనిపించింది. ఆ, నాకే. నవ్వండి, మీరూ నవ్వండి. ఓ సాయంత్రం పిల్లల వెనక చాప చివర కూర్చున్నాను. సాయంత్రం చదువు చెప్పే టీచరమ్మ చూసింది. అందరి ముందూ, "మొక్కై వంగనిది మానై వంగుతుందా ఆయమ్మా? చదువుకి నువ్వు పనికిరావుగానీ, వెళ్లి గ్లాసులు కడుక్కో" అంది. పిల్లలు గొల్లుమన్నారు. నా చేత్తో తుడిస్తే వచ్చిన వెలుతుర్లో కూర్చుని నన్నే చూసి నవ్వారు!

ఒళ్లు మండిపోయింది సారూ. మర్నాటి నుంచి నిచ్చెన ముట్టుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. ఆవిడకేం, వాళ్లింట్లో కరెంటుంది. నలభై రోజులుగా పిల్లలే కళ్లు చికిలించుకుంటున్నారు. అంతా చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

ప్లేట్ల తప్పేం లేదని రాయండి. ఆయమ్మ తుడవలేదని రాయండి, నా పేరుతో సహా. ఉద్యోగం పోతే పోనీ. ఇప్పుడే పైకెక్కి కడిగేస్తాను, మీరు మీ మీటరు చూసుకోండి.

రాశారా? ఏదీ, నా పేరెక్కడ? ఇదా?

ఓస్, ఇంతేనా! మూడంటే మూడక్షరాలు. దీనికేనా నేను పనికిరానన్నది!