మాలకూ బూట్లకూ సంధి కుదిర్చిన జ్ఞానయ్యగారు

1989 జూన్ 12న కొత్తగూడెంలో, రానివారి స్థానంలో పనిచేసే బదిలీ కార్మికునిగా మన సంస్థలో అడుగుపెట్టిన శ్రీ జ్ఞానయ్యగారు ఈ నెలాఖరున గోదావరిఖనిలోని మన గని స్టోరు నుండి పదవీ విరమణ చేస్తున్నారు. పదిహేనేళ్లు భూగర్భంలో శ్రమించి, 2004లో మా స్టోరుకు వచ్చిన నాటి నుండి హెల్మెట్లు, బూట్లు, దుమ్ము మాస్కుల బాధ్యత వారిదే.

వస్తువు చేతికివ్వడంతో తమ పని పూర్తయిందని వారు ఏనాడూ భావించలేదు. కొత్త బూట్లు బంధువులకిచ్చి, అరిగినవాటితో గని దిగబోయేవారిని ఆపి, "బాయిలకు నీ అల్లుడు దిగుతడా, నువ్వు దిగుతవా?" అని నవ్వుతూనే నిలదీసేవారు.

నాలుగేళ్ల క్రితం కార్తీకంలో మన గని కార్మికులు సదయ్యగారు అయ్యప్ప మాల ధరించి, వట్టి కాళ్లతో షిఫ్టుకు వచ్చారు. బూట్లు లేనిదే గనిలోకి పంపరు. తోలు బూట్లు తొడిగితే దీక్షకు భంగమని ఆయన భయం. దీక్ష ముగిసేవరకు డ్యూటీ పోతే ఇల్లు గడవదు.

"మాల తియ్యరాదు, నాగా పెట్టరాదు. ఎట్ల స్వామీ?" అన్నారు సదయ్యగారు.

"కాలి మీద బొగ్గుపెళ్ల పడితే కొండెట్ల ఎక్కుతవ్ స్వామీ?" అన్నారు జ్ఞానయ్యగారు.

ఆ ఆదివారం ఆరాధన ముగియగానే, ఒక చేతిలో బైబిలు, మరో చేతిలో కొత్త రబ్బరు బూట్ల సంచితో, సదయ్యగారిని వెంటబెట్టుకొని గురుస్వామి ఉపేందర్‌గారి గుమ్మం ముందు నిలబడ్డారు. విషయమంతా విన్న గురుస్వామి బూటును తిప్పి చూశారు.

"తోలు లేదు గద?"

"ఇసుమంత గూడ లేదు స్వామీ. మొత్తం రబ్బరే. వేళ్ల కాడ లోపట ఇనుప రేకు."

"అయితే బాయిల తొడుక్కో సదయ్యస్వామీ. మీదికి రాంగనే విప్పి, కాళ్లు కడుక్కో." ఆపై జ్ఞానయ్యగారి వంక చూసి, "ఇంత పట్టున్నోనివి, నువ్వు గూడ మాలేసుకోరాదు?" అన్నారు.

"అప్పుడు మా పాస్టరు ఇంటికి గూడ బూట్లు పట్టుకపోవాలె స్వామీ!"

ఆ దీక్షాకాలంలో సదయ్యగారు ఒక్క నాగా పెట్టలేదు. కాళ్లకు గీత పడకుండా కొండెక్కి వచ్చి, అరవణ ప్రసాదం డబ్బా మొదట మా స్టోరులోనే తెరిచారు. నాటి నుండి కార్తీకానికి ముందే రబ్బరు జతలు తెప్పించి ఉంచడం మాకు ఆనవాయితీ అయింది.

జ్ఞానయ్యగారూ, ఎందరి పాదాలనో క్షేమంగా ఇంటికి చేర్చిన మీరు, సుగుణమణి వదినగారితో కలిసి, మోకాళ్ల నొప్పి ఎరుగక, ఇకపై నచ్చిన చోటికల్లా నచ్చిన చెప్పులతో నడుస్తూ, నిండు నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని మా స్టోరు కుటుంబం మనసారా కోరుకుంటోంది.

— అనసూర్య, స్టోరు విభాగం